పేరు చెప్పిన పసరు

ఆ ఆకు అది కాదు, ఎన్నిసార్లు చెప్పాలి. ఈ పొద్దున కూడా మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎవరో పచ్చకామెర్లకు మందని ఒక ఆకు ఫోటో పెట్టారు, దాని కింద మా మేనత్త, అచ్చం మా అమ్మ ఇచ్చిందే ఇది అని రాసింది, నేను కాదంటే, అయితే ఏదో నువ్వే చెప్పు అని అందరూ నా మీద పడ్డారు. ఆ పేరు విన్నదాన్ని నేనొక్కదాన్నే, ఇది కాదని మాత్రం తెలుసు, ఏదో చెప్పలేను. కోపమొచ్చి ఫోను మంచం మీదికి విసిరేసి, మళ్ళీ తీసుకుని అందులోనే ఇది రాస్తున్నాను.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులు. సికింద్రాబాద్‌లో డిగ్రీ ఆఖరి ఏడాదిలో మాకు రకరకాల సంస్కృతుల వైద్యాల మీద ఒక పేపర్ ఉండేది. చైనా సూదుల వైద్యం, యునానీ, ఇంకా ఏవేవో చదివి, చివర్లో ఎవరైనా నాటువైద్యుణ్ణి కలిసి ప్రాజెక్టు రాయాలి. తోటివాళ్ళు హకీముల కోసం ఎండలో తిరుగుతుంటే నాకు ఆ తిప్పలే లేదు, మెట్టుగూడలో మా ఇంట్లోనే కామెర్లకు ఆకుపసరు ఇచ్చే నాయనమ్మ ఉంది.

ఆమె తాతయ్య రైల్వే ఉద్యోగం వల్ల గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి, చర్చిలో ఎప్పుడూ ముందు వరుస. ఆ పసరు ఆమెకు నేర్పింది మాత్రం రెజిమెంటల్ బజార్‌లో ఒకప్పుడు పక్కింట్లో ఉన్న ముస్లిం మంత్రసాని. అందుకని ఆదివారం పొద్దున్నే ఒక్కతే వెళ్ళి బిస్మిల్లా అనుకుని ఆకు కోసి, కొంగులో దాచి తెచ్చి, తలుపేసుకుని నూరి, ఏసయ్యకు ప్రార్థన చేసి పరగడుపున తాగించేది, రక్తపరీక్ష మానొద్దని కూడా చెప్పేది. ఆకు పేరు ఒక్కరికే చెప్పాలి, చెప్పినవాళ్ళ చేతిలో ఇక గుణం ఉండదు, విన్నవాళ్ళే ఇవ్వాలి. ఈ నియమాన్ని నోట్సులో రాసుకుని, బాగుందని కింద గీత కూడా గీశాను.

గీత గీసి, పేరు అడిగాను. ఆమె నా వైపు తిరిగి, కాగితం మీద పెట్టనని మాట తీసుకుని చెప్పింది. నేను ఆమె మొహం చూడలేదు, ఫోనులో రికార్డింగ్ అంకెలు కదులుతున్నాయా లేదా అని చూస్తున్నాను.

తరువాతి ఆదివారం సీతాఫల్‌మండి నుంచి ఒకావిడ మొగుణ్ణి తీసుకొచ్చింది.

"అమ్మా, జెర మందియ్యు. మా ఆయన కండ్లు సూడు, పసుపు పూసినట్టున్నయి."

నాయనమ్మ కుర్చీలోంచి లేవలేదు. "ఇంక నా చేతిలో లేదమ్మా. మా మనవరాలికి అప్పజెప్పాను. లోపలుంది, పిలు."

చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు పీకి బయటికొచ్చాను. "నాయనమ్మా, అది మార్కుల కోసం. నాకు మందులివ్వడం రాదు."

"మార్కుల కోసం పేరు అడుగుతారటే ఎవరైనా?"

"సరే, నువ్వే ఇయ్యి మళ్ళీ, వద్దన్నదెవరు?"

"ఇచ్చేసినదాన్ని వెనక్కెట్టా తీసుకుంటానే."

"గట్లంటె ఎట్లమ్మా, గింత దూరమొచ్చినం" అని ఆవిడ నన్నూ నాయనమ్మనూ మార్చి మార్చి చూసింది. ఆయన గోడ పట్టుకుని మెట్లు దిగాడు. తరవాత ఏమయ్యాడో తెలియదు.

ఇంకో నాలుగైదు వారాలు జనం వచ్చారు, ఆ తరవాత మానేశారు.  నాయనమ్మ ఆదివారం అలవాటుగా ముందే లేచేది, పసరు నూరే కల్వం కడిగి బోర్లించేది, చర్చికి టైము అయ్యేదాకా ఊరికే కూర్చునేది. నా ప్రాజెక్టుకు క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి, ఆ నియమం ఉన్న పేజీని మేడమ్ చదివి వినిపించారు కూడా. కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయని ఆమే అన్నారు. నిజమే కావచ్చు, దాని మీద నాకు పోట్లాట లేదు.

నాయనమ్మ పోయాక, నాకు గుర్తు నిలవని ఆ పేరు కోసం రికార్డింగ్ వెతికితే, పాత ఫోనులోని మెమరీ కార్డు తెరుచుకోలేదు. ఎన్ని షాపులు తిరిగినా లాభం లేకపోయింది. ఇప్పుడు మెట్టుగూడలో సందుకో ల్యాబ్ ఉంది, రిపోర్టు ఫోనుకే వస్తుంది, కానీ ముక్కూమొహం తెలియనివాళ్ళ గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి కళ్ళు చూసే మనిషి లేదు. చిన్నపిల్లవి, నీకేం తెలుసులే అప్పుడు అని ఇంట్లో అందరూ అంటారు. తెలుసు, రాసుకున్నది నేనే, గీత గీసిందీ నేనే. ఇదంతా చదివాక కూడా తప్పు నాది కాదని మీలో ఎవరనగలరు?