అర్నెట్టా కారు మోగని మూడు వారాలు

గ్రీన్‌విల్‌లో మా వీధివాళ్ళెవరూ అలారం పెట్టుకోరు. తెల్లవారుజామున ఐదింటికి అర్నెట్టా గేన్స్ కారు స్టార్టు చేస్తుంది. అంతే, వీధి మొత్తం లేచి కూర్చుంటుంది. ఆ కారు సైలెన్సర్ ఎప్పుడో ఊడిపోతే తీగతో కట్టారు, ఆ తీగ కూడా ఇప్పుడు పేరుకే ఉంది. మిసిసిపీ నది గట్టు అవతల పడవల్లో పడుకున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేస్తారని మంగలి షాపులో చెప్పుకుంటారు గానీ అది కాస్త కోత.

అర్నెట్టాకి మాత్రం ఆ చప్పుడంటే తగని సిగ్గు. జనం నిద్ర పాడుచేస్తున్నానేమోనని వీధి మలుపు తిరిగేదాకా యాక్సిలరేటర్ మీద కాలు ఆనీ ఆననట్టు పెట్టి నడుపుతుంది. మలుపు తిరిగాక ఇక పాటే పాట. పాతిక మైళ్ళ దూరంలో వృద్ధాశ్రమం. అక్కడ ఆమె ఆయా. ముసలివాళ్ళని లేపడం, స్నానం చేయించడం, తినిపించడం, అలిగినవాళ్ళని నవ్వించడం ఆమె పని. చివరిదానికి జీతంలో లెక్క లేదు గానీ అందులో ఆమెని మించినవాళ్ళు లేరు.

పద్దెనిమిదేళ్ళలో ఆమె జీతం గంటకి పన్నెండు డాలర్లదాకా పాకింది. ఇంటద్దె పాకలేదు, పరిగెత్తింది. కోడిగుడ్లు, కరెంటు, పెట్రోలు దాని వెనకే పరిగెత్తాయి. "మన జీతం పొట్టి దుప్పటమ్మా, తలకి కప్పితే కాళ్ళు బయట. నేను కాళ్ళు ముడుచుకుని పడుకోవడం నేర్చుకున్నాను," అని తనే నవ్వేది. ఆ నవ్వు విన్నవాళ్ళకి జాలి పడే వీలుండేది కాదు. ఆమెకి కావలసింది కూడా అదే.

మా దగ్గర ఎవరికైనా చేతిలో డబ్బు ఆడకపోతే శనివారం ప్లేట్లు అమ్ముతారు. మొక్కజొన్న పిండిలో పొర్లించి వేయించిన జెల్ల చేపలు, పక్కన టమాటా పులుసులో ఉడికిన స్పగెట్టి, క్యాబేజీ తరుగు, రెండు రొట్టె ముక్కలు. ప్లేటు పది డాలర్లు. పైకప్పు కారినా, కరెంటు కోసినా, ఊహించని చావు వచ్చినా మాకు తెలిసిన బ్యాంకు అదే. దానికి ఒకటే కట్టుబాటు. కష్టం ఎవరిదో వాళ్ళు ఆ రోజు గరిటె పట్టకూడదు. వసారాలో కుర్చీ వేసుకుని కూర్చోవాలి, వచ్చిన ప్రతివాళ్ళనీ పేరు పెట్టి పలకరించాలి. వండేది మాత్రం వీధి.

ఇరవై ఏళ్ళుగా ఎవరి శనివారమైనా చేపల మూకుడు ముందు నిలబడేది అర్నెట్టాయే. ఆమె చేప వేయిస్తోందంటే పక్క ఊళ్ళనించి కూడా వచ్చేవాళ్ళు. ఆ కుర్చీలో మాత్రం ఆమె ఒక్కసారి కూడా కూర్చోలేదు. "మనది పెట్టే చెయ్యి" అని వాళ్ళమ్మ చెప్పిన మాట ఆమెకి బైబిలు తర్వాత బైబిలు.

అలాంటిది, ఏప్రిల్లో ఒకనాడు సాయంత్రం ఆశ్రమంనించి వస్తుంటే దారి మధ్యలో కారు గేరుబాక్సు విరిగింది. మా మెకానిక్ క్లీటస్ కారుని షెడ్డుకి లాక్కొచ్చి, కింద దూరి చూసి, నూనె చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"నా కూలి వదిలెయ్, ఎప్పుడైనా ఇద్దువుగాని. గేరుబాక్సు మాత్రం పాతది కొనాల్సిందే. తుక్కు యార్డువాడు డబ్బు ముందు పెట్టమంటాడు. వాడికి మొహమాటం లేదు," అన్నాడు.

డబ్బెక్కడిది? కారుంటే గాని ఉద్యోగం లేదు, ఉద్యోగం ఉంటే గాని కారు బాగుపడదు. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు అన్నట్టుంది సంగతి. మా ఊరినించి అటు బస్సు లేదు. ఆశ్రమంలో పనిచేసే ఒకావిడ హైవే పక్కన పెట్రోలు బంకు దగ్గర ఎక్కించుకుంటానంది గానీ, ఆవిడ నెలాఖరుకి మెంఫిస్ వెళ్ళిపోతోంది. ఆ తర్వాత సోమవారానికి కారు కదలకపోతే అర్నెట్టా పని పోయినట్టే.

ఆమె రోజూ చీకట్లో లేచి, కుక్కలకి కూడా తెలియకుండా, బంకుదాకా నడిచి వెళ్ళేది. కారేదని అడిగితే "క్లీటస్ దగ్గర రంగు వేయిస్తున్నా" అనేది. తుప్పు తప్ప ఇంకేమీ మిగలని ఆ కారుకి రంగేమిటని ఎవరూ అడగలేదు. అడగకపోయేసరికి అందరూ నమ్మారనుకుంది పిచ్చిది.

మూడో వారానికి ఇక దారి లేక ఒక ఉపాయం పన్నింది. చర్చిలో పెద్దాయన హోసియా దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పింది. "మన చర్చి చెల్లెలొకామె కారు పాడై నడిచి తిరుగుతోంది. పేరు బయటపెట్టొద్దంది. వచ్చే శనివారం ప్లేట్లు మా పెరట్లో అమ్ముదాం. చేపలు నేను వేయిస్తా."

హోసియా ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. "అలాగేనమ్మా," అన్నాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఉన్నదున్నట్టు ప్రకటించాడు కూడా.

శనివారం పొద్దెక్కేసరికి పెరడంతా చేపల వాసన, పిల్లల గోల. వరస వీధిలోకి పాకింది. అర్నెట్టాకి హుషారు వచ్చేసింది. గరిటె చేతికొస్తే ఆమెకి కష్టాలు గుర్తుండవు. వసారాలో ఖాళీగా ఉన్న కుర్చీ వైపు మాత్రం చూడటం లేదు.

అప్పుడొచ్చింది లూడీ అక్క.

లూడీ పెటిగ్రూ ముప్పై ఏళ్ళు ఊళ్ళో ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. సొంత ఇల్లు, పెన్షను, షెడ్డులో అద్దంలా తుడిచిపెట్టిన కారు. షుగరు వచ్చిందని, రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. తెల్ల బూట్లు వేసుకుని ఊరంతా నడుస్తుంది. ఇప్పుడు ఆ బూట్లు నేల అదిరేలా వరసని చీల్చుకుంటూ వచ్చి మూకుడు ముందు ఆగాయి.

"ఏమే అర్నెట్టా! నడిచి తిరిగే ఆ చెల్లెలెవరే?"

"అక్కా, నూనె మరుగుతోంది, కాస్త పక్కకి..."

"నన్నే వేయించు, పోనీ! పొద్దున్నించీ మూడు కార్లు ఆగాయే నా పక్కన, 'ఎక్కమ్మా, దింపుతాం' అంటూ. మంగలి రూఫస్ నా చేతిలో ఐదు డాలర్లు కుక్కి, 'ఎవరికీ చెప్పనులే అక్కా' అని కన్ను కొట్టాడు. ఇంటికెళ్తే గుమ్మంలో ఆకుకూరల సంచీ!"

వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేక, "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఎందుకక్కా?" అన్నారు.

"నోరు ముయ్యవోయ్! వెనక వీధుల్లో అందరూ ఆ దిక్కులేని మనిషిని నేనే అనుకుంటున్నారు." లూడీ నడుం మీద చేతులు పెట్టుకుని వరసకి అడ్డంగా నిలబడింది. "పేరు చెప్పేదాకా ఇక్కడినించి ఒక్క ప్లేటు కదలదు. వానలో తడుస్తూ, ఎండలో మాడుతూ మీ అందరి ఉత్తరాలూ మోశాను. ఒక్కరి ముందు చెయ్యి చాపలేదు. ఇవాళ నన్ను..."

అక్కడ ఆమె మాట ఆపి, అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. లూడీ అక్క ఏడవడం ఆ వీధి ఎన్నడూ చూడలేదు.

అర్నెట్టాకి నాలిక చివర అబద్ధం సిద్ధంగానే ఉంది. "ఊరి చివర ఉండే మనిషిలే, నీకు తెలీదక్కా" అంటే సరిపోయేది. కానీ లూడీ కళ్ళలో నీళ్ళు చూసేసరికి ఆమెకి ఒళ్ళంతా సిగ్గేసింది. తను మొయ్యలేని బరువుని తీసుకెళ్ళి, అడగకుండా, తనలాగే తల వంచని ఇంకో ఆడదాని నెత్తిన పెట్టింది. అమ్మ చెప్పిన పెట్టే చెయ్యి పెట్టింది ఇదా? గరిటె పళ్ళెంలో పెట్టేసింది.

"నేనే అక్కా. నడిచేది నేనే. నా కారు చచ్చింది. రంగూ లేదు, పాడూ లేదు. సోమవారానికి బాగవ్వకపోతే నా పని పోతుంది."

వరస మధ్యలోంచి క్లీటస్ గట్టిగా ఊపిరి వదిలాడు.

"హమ్మయ్య! మూడు వారాలుగా 'రంగు ఎంతవరకు వచ్చింది' అని అడుగుతారు, కడుపుబ్బ నవ్వుతారు. ఏం చెప్పాలో తెలీక చచ్చాను."

"మీకు... తెలుసా?" అంది అర్నెట్టా.

"తెలీకపోవడమేంటి?" ఎదురింటి డెల్ఫీన్ ముందుకొచ్చింది. "మొదటిరోజు నీ కారు మోగలేదు. నేనూ మా ఆయనా ఇద్దరం పనికి లేటు. మూలింటి స్కూలు బస్సు డ్రైవరు లేటైన కంగారులో పిల్లల్ని ఎక్కించుకోవడమే మర్చిపోయాడు. మర్నాడు కిటికీలోంచి చూస్తే నువ్వు చెప్పులు చేత్తో పట్టుకుని దొంగలా నడిచిపోతున్నావు. నువ్వు చెప్పేదాకా అడగొద్దని హోసియా తాతయ్య మా నోళ్ళకి తాళం వేశాడు."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే లోకమంతా చూడటం మానేస్తుందా? పెరడు పెరడంతా ఒక్కసారిగా ఘొల్లుమంది. అర్నెట్టా మొదట మొహం కప్పుకుంది, తర్వాత తనే అందరికంటే గట్టిగా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది కూడా, దాచలేదు.

లూడీ ఒక్కతే నవ్వలేదు. "అంటే ఈ వీధిలో తెలీనిది నాకొక్కదానికేనా? కారు పెట్టే చప్పుడుకి ముందే లేచి నడిచేదాన్ని, నాకెలా తెలుస్తుంది?" అని గొణిగింది. గబగబా వచ్చి అర్నెట్టా ఏప్రన్ ముడి విప్పింది.

"తియ్యి. తన శనివారానికి తనే వండుకునే మనిషిని మా తాతల కాలంలో కూడా వినలేదు. పో, కూర్చో."

"అక్కా, నీకు చేప వేయించడం..."

"కూర్చోమన్నానా!"

అర్నెట్టా మెట్లెక్కి, కుర్చీ ముందు ఆగింది. ఎన్నోసార్లు తనే తుడిచి ఇంకొకరికి వేసిన కుర్చీ అది. మెల్లగా కూర్చుంది. కొంప మునగలేదు. మొదట రూఫస్ వచ్చి దండం పెట్టాడు. తర్వాత ఒకప్పుడు ఇదే కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు. ప్రతివాళ్ళనీ పేరు పెట్టి పలకరించింది. అమ్మ ఉంటే ఏమనేదో గానీ, పుచ్చుకునే చేతిలో కూడా ఇంత వెచ్చదనం ఉంటుందని ఆమెకి ఆ పూటే తెలిసింది.

ఒకటే బాధ. లూడీ అక్క వేయించిన చేప పైన బొగ్గు, లోపల పచ్చి, ఉప్పు రెండుసార్లు పడింది. తను వేయించిన మొదటి ప్లేటు కుర్చీలోని మనిషికే పంపింది. మూకుడు దగ్గర్నించి లూడీ కళ్ళార్పకుండా చూస్తోంది.

"ఎలా ఉందే?"

"అమృతం అక్కా," అంది అర్నెట్టా, నీళ్ళ గ్లాసు అందుకుంటూ. ఆ రోజు ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే. జనం కూడా కిమ్మనకుండా తిన్నారు, కొందరు రెండో ప్లేటు కొన్నారు. మా వాళ్ళ మంచితనానికి అంతకంటే సాక్ష్యం నా దగ్గర లేదు.

గేరుబాక్సుకి పోగా ఇంకా మిగిలింది. "సైలెన్సర్ కూడా కొత్తది వేసెయ్ క్లీటస్, వీధికి పీడ వదులుతుంది," అంది అర్నెట్టా. క్లీటస్ తల అడ్డంగా ఊపాడు. "డెల్ఫీన్ వచ్చి బెదిరించి పోయింది. దానిమీద చెయ్యేస్తే నా షెడ్డుకి తాళం వేస్తుందట. ఆ మిగిలింది అద్దెకి కట్టుకో."

సోమవారం ఐదింటికి అర్నెట్టా తాళం తిప్పింది. కారు గర్జించింది. అలవాటు కొద్దీ కాలు తేల్చబోయి, ఆగి చూసింది. డెల్ఫీన్ ఇంట్లో దీపం వెలిగింది. పక్కింట్లో వెలిగింది. మూలింటి డ్రైవరు బనీనుతో బయటికొచ్చి చెయ్యూపాడు. ఇన్నేళ్ళూ తను సిగ్గుపడుతూ దాటిన వీధి అది.

లూడీ అక్క ఇల్లొక్కటే ఇంకా చీకట్లో ఉంది. ఆ చేతులకి శనివారం అలుపు ఇంకా తీరలేదేమో. అర్నెట్టా ఆ గుమ్మం ముందు కారు ఆపి, యాక్సిలరేటర్ కసితీరా తొక్కింది. కిటికీ రెక్క దబాలున తెరుచుకుంది.

"వినపడిందే గయ్యాళీ! లేచాను, పో! పనికి లేటవుతుంది!"