రివాల్వర్ స్క్రూ పోయిన సాయంత్రం

మొన్న కళ్లజోడు కాడ ఊడి చేతిలోకి వస్తే మా వీధి చివర కళ్లద్దాల షాపుకు వెళ్లాను. అక్కడ కూర్చున్నావిడ చీమ తలంత స్క్రూ ఒకటి వెతికి తీసి, బిగించే ముందు దాని మరల మీద నీలంరంగు మందు ఒక్క చుక్క వేసి, ఇంక కదలదండీ అంది. ఆ నీలం చూడగానే చేతిలోని ఫోన్‌ను నాకు తెలియకుండానే తిప్పి వెనకవైపు చూసుకున్నాను. ఏమన్నా పోయిందా సార్, అని ఆవిడ అడిగింది. లేదన్నాను. నా ఈడువాళ్లు, మీతో అయితే చెప్పొచ్చు, మొదటి జీతంతో కెమెరా ఫోన్ కొని, దాన్ని దిండు పక్కన పెట్టుకుని నిద్రపోయిన వాళ్లం కదా మనం.

రెండువేల ఏడులో నేను దుబాయ్‌లో ఉన్నాను. హైదరాబాద్‌లో పుట్టి పెరిగి, డిప్లొమా చదివి, ఎవరైనా ఒక మాటంటే నాలుగు మాటలు అప్పజెప్పే వయసులో, ఊరి బయట ఒక షూటింగ్ క్లబ్ వర్క్‌షాప్‌లో చేరాను. టూరిస్టులు వచ్చి పాతకాలపు మోడల్ రివాల్వర్లతో గురి చూసి కాల్చేవాళ్లు, వెనకాల సుత్తిలా ఉండే భాగాన్ని ప్రతిసారీ బొటనవేలితో లాగితే తప్ప పేలని రకం. పేలిన ప్రతిసారీ ఆ అదురుకు చిన్న చిన్న స్క్రూలు వదులయ్యేవి. గొట్టం కింద, ఖాళీ తొడుగుల్ని బయటికి నెట్టే కడ్డీ ఒకటి ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే స్క్రూ అయితే మరీను. వాటిని ఊడదీసి, అరిగినవి మార్చి, నూనె లేకుండా తుడిచి, నీలం చుక్క వేసి బిగించడమే మా పని.

మా అంటే నేనూ, వర్క్‌షాప్ మొత్తానికి బాధ్యుడైన నెల్లూరు భాయ్. ఆయన ఒళ్లో ఒక తెల్లగుడ్డ పరుచుకుని దాని అంచు బల్లకు తగిలించుకునేవాడు, ఏది జారినా ఒళ్లోనే పడాలని. నాకది చూస్తే నవ్వొచ్చేది.

"ఏం భాయ్, అన్నం తినిపియ్యాల్నా?" అనేవాణ్ణి.

"నవ్వరా అబ్బయా, నవ్వు. అది కింద పడిందంటే దానెనకాలే మనమూ పడేది" అనేవాడు.

ఆయన అన్నది నిజమే. ఆ దేశంలో తుపాకీ ముక్క పోవడమంటే సామాను పోవడం కాదు, పోలీసు వ్యవహారం. ఆ తర్వాత ఏమవుతుందో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలియకపోవడం వల్లే ఆ భయం ఇంకా పెద్దదై కూర్చునేది.

ఆ రోజు సాయంత్రం కావస్తుండగా భాయ్ ఆ కడ్డీ స్క్రూ ఊడదీసి బల్ల మీద పెట్టాడు. పక్కనే నా ఫోన్ ఉంది, ఎప్పుడూ అక్కడే ఉండేది. అమ్మ ఫోన్ చేసింది, పనిలో ఉన్నానని కట్ చేసి జేబులో వేసుకున్నాను. భాయ్ చెయ్యి చాచేసరికి స్క్రూ లేదు.

గుడ్డ దులిపాం. మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి వెతికాం. దారానికి అయస్కాంతం కట్టి నేలంతా ఈడ్చాం. మేనేజర్ వచ్చాడు, మేమంతా ముదీర్ అనేవాళ్లం. ఆయన వెనకాలే సెక్యూరిటీ వాళ్లు వచ్చి మా జేబులు, బూట్లు, మేజోళ్లు తీయించి చూశారు. నా ఒళ్లు తడుముతున్నంతసేపూ ఫోన్ పట్టుకున్న చెయ్యి పైకెత్తి నిలబడ్డాను. కోపంతో కళ్లు మండాయి.

"దొంగల లెక్క చూస్తున్రేంది భాయ్? నువ్వన్న చెప్పవా?"

భాయ్ మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని బల్ల కింద తడుముతున్నాడు.

"సుబహ్ తక్ నహీ మిలా, తో పోలీస్. ఖలాస్" అని, పొద్దుటిదాకానే గడువిచ్చి ముదీర్ తన గదిలోకి వెళ్లిపోయాడు. వెతకడానికి భాయ్‌ని ఉంచేసుకుని నన్ను కంపెనీ వ్యాన్‌లో పంపించేశారు.

ఇంటర్నేషనల్ సిటీ మలుపు దగ్గర దిగి గదికి నడుస్తుంటే అమ్మ మళ్లీ చేసింది. రోడ్డు రొదలో వినబడక స్పీకర్ నొక్కాను. అమ్మ గొంతు గరగరలాడుతూ వచ్చింది, ఇసక నమిలినట్టు. గట్టిగా మాట్లాడమని విసుక్కున్నా అంతే. ఫోన్ పాడైందేమోనని ప్లాస్టిక్ కవర్ ఊడదీశాను.

కవర్‌కి స్పీకర్ కోసం వదిలిన సందులోంచి దూరి, వెనక స్పీకర్ చిల్లుల మీద, అతుక్కుని, స్క్రూ.

స్పీకర్ లోపల అయస్కాంతం ఉంటుందని డిప్లొమాలో చదివినవాణ్ణే. అప్పుడు అదేమీ గుర్తురాలేదు. చేతిలో రివాల్వర్ ముక్కతో నడివీధిలో నిలబడ్డానని మాత్రమే తెలిసింది. ఎదురుగా వచ్చే ప్రతి కారూ పోలీసు కారులాగే కనబడింది. అమ్మ అవతల హలో, హలో అంటూనే ఉంది. కట్ చేసి భాయ్‌కి చేశాను.

"భాయ్, దొర్కింది. నా ఫోన్‌కే అతుకున్నది. నేను బయట ఉన్న."

అవతల తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత గొంతు తగ్గించి, "యాడన్నా ఇసకలో పారేసి పో. నాకు ఫోన్ చెయ్యలేదు నువ్వు" అని పెట్టేశాడు.

రోడ్డు దాటితే ఇసకే. పారేస్తే ఎవడికీ తెలియదు. చెయ్యి ఎత్తాను కూడా. మళ్లీ ఫోన్ మోగింది.

"పారేసినావా?"

"ఇంకా లే."

"పారేయొద్దురా అబ్బయా! పొద్దున నన్నడిగితే ఏం చెప్పేది? తెచ్చెయ్యి. ఏమైతే అదవుద్ది."

"జర ఒక్క మాట మీద ఉండరాదు!" అని అరిచాను. రోడ్డు మీదికి వచ్చి టాక్సీ ఆపాను.

టాక్సీలో దారంతా పిడికిలి విప్పలేదు. క్లబ్ గేటు బయటే భాయ్ నిలబడి ఉన్నాడు. ఏమీ అనకుండా నా పిడికిలి మీద తన చెయ్యి వేసి పట్టుకున్నాడు. అలాగే ఇద్దరం ముదీర్ గదిలోకి నడిచాం.

భాయ్ హిందీలో చెబుతుంటే ముదీర్ కళ్లు నా మీదే ఉన్నాయి. నమ్మలేదు. స్క్రూ బల్ల మీద పెట్టి దాని పక్కన ఫోన్ పెట్టాను. కదల్లేదు. భాయ్ కళ్లు మూసుకున్నాడు. అప్పుడు తట్టింది, ఫోన్ తిప్పి స్పీకరున్న వెనకవైపును స్క్రూ దగ్గరికి తెచ్చాను. టిక్‌మని ఎగిరి అతుక్కుంది.

ముదీర్ ఫోన్ లాక్కుని, స్క్రూ పీకి, మళ్లీ తనే పెట్టి చూశాడు. టిక్. మళ్లీ చూశాడు. నవ్వలేదుగానీ, ఆయన భుజాలు మాత్రం దిగాయి. "ఫోన్ బర్రా" అన్నాడు, ఇక ఫోన్లు బయటే అని.

మర్నాటి నుంచి గేటు దగ్గర ఫోన్లకు ఒక చెక్కపెట్టె వచ్చింది. ఆ పొద్దున స్క్రూ బిగించబోతే భాయ్ చెయ్యి వణికి నీలం చుక్క ఒళ్లోని గుడ్డ మీద పడింది. "నువ్వే బిగించు" అని పక్కకు జరిగాడు. నేను బిగించాను. నవ్వడం మాత్రం మానేశాను, నాకూ ఒక గుడ్డ తెచ్చుకున్నాను.

ఆ ఫోన్ బ్యాటరీ ఉబ్బి ఎప్పుడో పోయింది, దాంతోపాటే భాయ్ నంబరూ పోయింది. ఇప్పటి ఫోన్‌లో ఊరంత మంది ఉన్నారు, అమ్మ గొంతు పక్క గదిలోంచి మాట్లాడినంత స్పష్టంగా వస్తుంది. అయినా ఏదైనా కంగారొచ్చినప్పుడు ఆ పేర్లన్నీ పైకీ కిందికీ జరుపుతూ కూర్చుంటాను, ఎవరికి చెయ్యాలో తోచదు. ఆ సాయంత్రం అంత భయంలోనూ నా వేలు తడుముకోకుండా భాయ్ నంబరు మీదికే వెళ్లింది.

కళ్లద్దాల షాపులో ఆవిడ అడిగినప్పుడు లేదన్నాను గానీ, పోయింది.