నాయిన నా కళ్లలోకి చూసిన రెండు రోజులు

మా ఊరి దొర గడిలో మిలిటరీ క్యాంపు పెట్టిన ఏడాది నాకు ఎనిమిదేళ్లు. రజాకార్లు పోయారు, ఇక కంటినిండా నిద్రపోవచ్చు అనుకున్నవాళ్లం పెనం మీంచి పొయ్యిలో పడ్డాం. అడవిలో దాక్కున్న సంఘం వాళ్లకు అన్నం పెట్టిన మగవాళ్లెవరో చెప్పమని వాడకు వాడనే గడిలోకి తోలేవారు. పై వాడ నుంచి పోయినవాళ్లలో ఇద్దరు శవాలై వచ్చారు. మిగతావాళ్లు రాలేదు.

కండ్లకలక ఉన్నవాళ్లను మాత్రం గేటు దగ్గరే తరిమేసేవారు. అంతకుముందు అది క్యాంపంతా అంటుకుని, తుపాకులు పట్టాల్సిన వీరులు కళ్లు నులుముకుంటూ కూర్చున్నారట. ఆ సంగతి తెలిసి, వేరే వాడలో ఉండే మా పెదనాయన కళ్లలో కారం కొట్టుకుని పోయాడు. గేటు బయట నిలబడ్డ ఆడవాళ్లలో అమ్మ ఉంది. క్యాంపు కాంపౌండరు పాలమూరు వైపు ముసలాయన. పెదనాయన కింది రెప్ప లాగి చూసి నవ్వాడు.

"కారం కొట్టుకుంటె నీళ్లే కారుతయి. దుమ్ము పడితె దురద పెడతది. కలకైతె పుసి కడతది, పొద్దుగాల రెప్పలు అతుక్కుంటయి. నాకే చెప్తున్నవా?"

ఆయన విద్య మట్టిగొట్టుకుపోను! పెదనాయనను లోపలికి ఈడ్చుకుపోయారు.

ఆ సాయంత్రమే డప్పు మోగింది. రెండు రోజులు ఆగి మూడో రోజు పొద్దున మా వాడ మగవాళ్లు రావాలి. పారిపోతే ఇల్లు కాలుస్తారు. నాయిన సంఘం వాళ్లకు ఎన్నిసార్లు జొన్నరొట్టెలు మోశాడో ఊరంతటికీ తెలుసు.

అమ్మ ఇంటికొచ్చి నా ముందు కూలబడింది. నాకు మూడు రోజులుగా కలక, కాంపౌండరు చెప్పిన అసలైన కలక. రోజూ నా కళ్లలో చంటి తమ్ముడికిచ్చే తన పాలు పిండేది, నందివర్ధనం పూలు పెట్టి కట్టేది. ఆ రోజు రెండూ మానేసింది. కలక తగ్గకూడదు.

"పిల్ల నాయినా, దాని కండ్లల్లకు చూడు. రెప్ప కొట్టకుండ చూడు" అంది.

కలక వచ్చినవాళ్ల కళ్లలోకి చూస్తే అంటుకుంటుందని మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. నాయిన నా మోకాళ్లకు మోకాళ్లు ఆనించి కూర్చున్నాడు. పొలమూ గొర్రెలూ తప్ప ఎరగని మనిషి, అప్పటిదాకా నా మొహం నిదానంగా చూసింది లేదు. రెండు పగళ్లు అలాగే కూర్చున్నాం. వెలుతురుకు నా కళ్లు మండిపోయేవి. పుసికి రెప్పలు మూసుకుపోతే అమ్మ ఓ తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మా నెత్తి మీది చూరులో దోపి, బూడిదతో చేతులు తోముకునేది. నేను నాయిన కండువాతో కళ్లు తుడుచుకోబోతే చెయ్యి లాగేసింది.

"కండువ గలీజు చేయకు. జర ఓర్చుకో బిడ్డా."

"మండుతాంది నాయినా."

"నాకు మండాలె బిడ్డా. నీకు మండుతాంది" అన్నాడు నాయిన. నాకు భయమేసింది.

గంటగంటకూ అమ్మ ఆయన కింది రెప్పను కాంపౌండరులాగే లాగి చూసేది. తెల్లగుడ్డు పాలలా తెల్లగా ఉండేది. "ఇంకా దగ్గరికి జరుగుండ్రి" అని మా ఇద్దరి తలలూ పట్టుకుని దగ్గరికి నెట్టేది. చివరికి నా మీదే కోపమొచ్చి వీపు మీద ఒక్కటేసింది, వెంటనే నన్ను హత్తుకుని ఏడ్చింది.

మూడో రోజు పొద్దున కూడా నాయిన కళ్లు తేటగానే ఉన్నాయి. తలపాగా చుట్టుకుని గడికి పోయాడు. కాంపౌండరు రెప్ప లాగి చూసి లోపలికి పొమ్మన్నాడు. అంతే. శవం కూడా రాలేదు.

చాలా ఏళ్లకు నా కొడుక్కి కలక వస్తే, అమ్మను వెంటబెట్టుకుని హాలియా దవాఖానకు పోయాను. పిల్లవాడి కళ్లలోకి చూడవద్దని అమ్మ నన్ను గదమాయిస్తుంటే నర్సమ్మ నవ్వింది.

"చూస్తె అంటుకోదు పెద్దమ్మా. చేతులతోని, తువ్వాలతోని అంటుకుంటది. కండ్లు తుడిచిన గుడ్డ మాత్రం ఎవ్వలూ ముట్టొద్దు."

చేతులు కాలాక ఆకులంటే ఇదే. అమ్మ బస్సు దిగి ఇంటిదారి పట్టాక ఆగింది.

"గా గుడ్డ మీ నెత్తి మీదనే, చూరుల్నే ఉండె గద బిడ్డా?"

నాకు గుర్తులేదని చెప్పాను.