కొర్రమట్ట గద్ద పంచనామా

2011 అక్టోబరులో నేను మహబూబాబాద్ పక్కన ఒక అటవీ సెక్షన్‌లో డిప్యూటీ రేంజర్‌ని. తెలంగాణ కోసం ఉద్యోగులందరం సమ్మెలో ఉన్నాం. ఆఫీసుకు తాళం వేసి రోజంతా రోడ్డు పక్క శిబిరంలో కూర్చునేవాళ్ళం. జీతం లేదు, ఇంట్లో సణుగుడు తప్పదు. అయినా అంత సంతోషంగా నేను మళ్ళీ ఏ ఆఫీసులోనూ కూర్చోలేదు.

ఒక ఉదయం కురవి వైపు నుంచి చేపలు పట్టే సాయిలు సైకిల్ మీద గంపతో వచ్చాడు. గంపలో తెల్లని పొట్ట, పసుపు కళ్ళు, కంటి మీదుగా నల్లని చార ఉన్న పెద్ద గద్ద. చేప కోసం దూకి వలలో చిక్కింది. దారం కాలిలోకి కోసుకుపోయింది.

“నిన్న పొద్దుగాల పడ్డది సారు. ఆఫీసుకు పోతె తాళమున్నది. ఇంట్ల పెట్టుకుంటె కేసైతదంటున్నరు. ఎట్ల చెయ్యాలె?”

అతని భయం ఉత్తది కాదు. వన్యప్రాణి చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు పక్షి అది. చేతికి చిక్కితే నలభై ఎనిమిది గంటల్లోగా అధికారికి అప్పజెప్పాలి. అప్పజెప్పినట్టు కాగితం లేకపోతే వేటాడాడనే అనుమానం వస్తుంది. తాళం తీస్తే సమ్మె విడిచినట్టవుతుంది. అందుకని శిబిరంలోనే తెల్లకాగితం మీద, ఇద్దరు టీచర్లు సాక్షులుగా, పక్షి ఎక్కడ ఎట్లా దొరికిందో పంచనామా రాయడం మొదలుపెట్టాను. పశువైద్యుడు కరీం గారూ సమ్మెలోనే ఉన్నారు. “నోరులేని దానికి సమ్మె ఏందన్నా, జర గట్టిగ పట్టుకో” అంటూ దారం కోసి మందు పూశారు.

పేరు రాయాల్సిన చోట ఆగాను. శిక్షణలో నేర్పిన పేరు ఆస్ప్రే, పుస్తకాల తెలుగులో కొరమీను గద్ద. ఆ మాట వింటూనే సాయిలు నవ్వాడు.

“మా దిక్కు కొరమీను అని ఎవలంటరు సారు? కొర్రమట్ట అంటం. గిది కొర్రమట్ట గద్ద.”

శిబిరమంతా చప్పట్లు. సినిమాల్లో మా మాటను వెక్కిరిస్తుంటే పళ్ళు బిగబట్టి చూసినవాళ్ళం మరి. నాకు ఛాతీ ఉప్పొంగింది. పంచనామాలో కొర్రమట్ట గద్ద అని మాత్రమే రాసి సంతకం పెట్టాను. వారం రోజులు సాయిలు చేపలు తెచ్చి మేపాడు. గద్ద కోలుకున్నాక అతను వల వేసే చెరువు దగ్గరే వదిలాం.

సమ్మె ముగిశాక పై ఆఫీసుకు పంపిన పంచనామా తిరిగొచ్చింది. ఆ పేరుతో షెడ్యూలులో పక్షి లేదు, ఏ పక్షో తేల్చండి, పట్టినవాడి వాంగ్మూలం తీసుకోండి అని రాశారు. వాళ్ళ తప్పేమీ లేదు. నేను సరిచేసి పంపినా, మొదలైన విచారణ మధ్యలో ఆగలేదు. మంచికి పోతే చెడు ఎదురైనట్టు సాయిలు మూడుసార్లు ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. ఆ మూడు రోజులూ వల వేయలేదు. చివరికి కేసు లేదని మూసేశారు. అతను నన్ను ఒక్క మాటా అనలేదు. నాకు మాత్రం అతని ముఖం చూడాలంటే సిగ్గేసింది.

మరుసటి చలికాలం కేసముద్రంలో కనిపించాడు. నేనే పలకరించాను.

“మొన్న మల్లొకటి పడ్డది సారు. వల కోసి ఇడిసిపెట్టిన. మీకు చెప్పలే.”

“దెబ్బ తగిలిందా?”

“ఎగరలే సారు. గడ్డిల పడి ఉండె. నేను ఇంటికొచ్చిన.”

పంచనామాలో ఊరి పేరు కింద ఇంగ్లీషు పేరు, శాస్త్రీయ నామం తప్పకుండా రాయాలని అప్పటి నుంచి కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేవాడిని. ఆ రోజు నేను రాయకుండా వదిలేసినవి మూడు మాటలు: ఇంగ్లీషు పేరు ఒకటి, శాస్త్రీయ నామం రెండు. తర్వాత రిటైరయ్యేదాకా ఆ చెరువు నుంచి నా దగ్గరికి ఒక్క పక్షినీ ఎవరూ తేలేదు.