నూర్ అహ్మద్ వేసిన సంవత్సరం

నూర్ అహ్మద్ పని చూడటం.

1979లో తిరుపతిలో, ఒక పాత మిద్దె మీద, జిల్లాల విజ్ఞాన సర్వస్వం తయారవుతుండేది. వ్యాసం రాగానే సంపాదకుడు శ్రీనివాసులు ఎర్ర పెన్సిలుతో కొన్ని వాక్యాల కింద గీతలు పెట్టేవాడు. గీత పడ్డ ప్రతి వాక్యానికీ ఒక చీటీ ఉండాలి. చీటీ మీద పుస్తకం పేరు, అచ్చయిన సంవత్సరం, పేజీ. కింద ‘చూశాను’ అని సంతకం. ఆ సంతకం నూర్ అహ్మద్‌ది.

తండ్రి చిత్తూరులో పుస్తకాలకు అట్టలు కట్టేవాడు. నూర్ అహ్మద్ ఎనిమిదో తరగతితో బడి మాని అక్కడే ఒక ప్రెస్సులో అచ్చుకు అక్షరాలు పేర్చే కంపోజిటరుగా చేరాడు. సీసపు అక్షరాలను తిరగేసి చదవడం అలవాటైంది. ఇరవై నాలుగేళ్లు ఆ పని చేశాక చూపు తగ్గింది. అద్దాలు పెట్టుకొని తిరుపతికి వచ్చాడు. మూడేళ్లలో నాలుగు వేల చీటీలు రాశాడు.

ఆ జూన్‌లో పులికాట్ సరస్సు మీద వ్యాసం వచ్చింది. ఒడ్డున ఉన్న నడికుప్పంలో వేట స్థలాలను వంతుల ప్రకారం పంచుకునే ఆచారం 1902లో మొదలైందని అందులో ఒక వాక్యం. నూర్ అహ్మద్ మూడు పుస్తకాలు చూశాడు. మూడింటిలోనూ 1902.

“మూడుండాయని సంబరపడొద్దు అహ్మద్. ఒకర్ని చూసి ఇంకొకరు రాసినారేమో. మొదట ఎవరు చెప్పినారో ఆడికి పో” అన్నాడు శ్రీనివాసులు.

రెండు పుస్తకాలు మూడో దాన్ని చూసి రాసినవే. మూడో పుస్తకం అడుగున చిన్న అక్షరాల్లో ఒక సావనీరు పేరుంది. చేపలవాళ్ల సహకార సంఘం 1962లో తమ సభ కోసం వేసుకున్న సంచిక. నాలుగు రోజులు వెతికితే లైబ్రరీలో దొరికింది. ముప్పై ఒకటో పేజీ తెరిచాడు. ‘క’ మీద తలకట్టు విరిగి ఉంది. పక్క వరుసలో మళ్లీ అదే. ఆ అక్షరాలు ఆయన చేతి కింద పదేళ్లు ఉన్నవి.

తాను పేర్చిన పేజీ అంతా జ్ఞాపకం వచ్చింది. అది రాసిన బడిపంతులు అప్పటికే వైద్యానికి మద్రాసు వెళ్లాడు. రాతప్రతి మీద నీళ్లు పడి పంతొమ్మిది తర్వాత అంకెలు అలుక్కుపోయాయి. మరునాడు సంఘం సభ. సాయంత్రానికి పేజీల ఫారం బిగించి మిషను మీదికి ఎక్కించాలి. పై పేరాలో 1901 నాటి తుపాను సంగతి ఉంది. ఆ తర్వాతి ఏడాది అయి ఉంటుందనుకొని సున్నా, రెండు పెట్టాడు. ప్రూఫు వచ్చినప్పుడు సంఘం వాళ్లను అడగాలనుకున్నాడు. ప్రూఫు వచ్చింది. అడగలేదు. పంతులు మద్రాసులోనే పోయాడు.

నూర్ అహ్మద్ పుస్తకం మూశాడు. చీటీ రాయలేదు.

ఇంట్లో భార్య గౌసియా బీ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆయన కంచంలోకి చూస్తూ ఉండిపోయాడు.

“ఏం జీ, కంచంలో ఏదన్నా రాసుండాదా? తినేదానికి కూడా ఆధారం కావల్నా?”

ఆయన నాలుగు ముద్దలు తిని లేచాడు.

మూడో రోజు నడికుప్పం నుంచి చిన్నబ్బ వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. ఊరి పెద్దల్లో ఒకడు. రొయ్యలు దొరికే చోటు తమదని పక్క ఊరు దావా వేసింది. అక్కడ వంతులు ఎప్పటినుంచో ఉన్నాయని రుజువు తెమ్మని తాసిల్దారు అన్నాడు. విచారణ ఇరవై ఆరో తేదీ.

“సావనీరు ఇచ్చినాం సాయబూ. ఇది మీ సంఘం మీరే ఏసుకున్న పుస్తకం కదా అన్నారు. మీది పెద్ద పుస్తకం. ఆ పేజీ ప్రూఫన్నా ఇయ్యప్పా.”

“ఇంకా చూడాల.”

“నాలుగు కండ్లు పెట్టుకొని ఇంకా చూడాలంటావే. మూడు పుస్తకాల్లో ఉండాదంట కదా.”

చిన్నబ్బ వెళ్లాక నూర్ అహ్మద్ లెక్క వేసుకున్నాడు. ఆ సంవత్సరం పోతే ఊరికి రొయ్యల చోటు పోవచ్చు. అది తాను వేసిందని బయటపడితే తన సంతకానికి విలువ పోతుంది. ఊరుకుంటే ఏమీ పోదు. ఆ రాత్రి ఆయనకు భయం వేసింది ఈ మూడోదాని గురించే.

ఆదివారం నాయుడుపేట మీదుగా బస్సులు మారి నడికుప్పం చేరాడు. వంతుల పెట్టె తాయమ్మ దగ్గర ఉంటుంది. ఊళ్లో ఆమె కంటే పెద్దవాళ్లు లేరు. పెట్టెలో తాటాకు ముక్కలు. ఇంటికొకటి, ఇరవై రెండు. ముక్క మీద అక్షరాలుండవు. ఇంటి గుర్తు గీసి ఉంటుంది. మూడు చుక్కలు, పీత కాలు, తెడ్డు. ఆ రోజు వంతులు తీసే రోజు. ఆమె ముక్కలన్నీ కుండలో వేసి, మొహం పక్కకు తిప్పుకొని చెయ్యి పెట్టి ఒక్కొక్కటీ తీసింది. వచ్చిన వరసే వంతు. నూర్ అహ్మద్ గుర్తులన్నీ నోటుబుక్కులో గీసి, పక్కన పేర్లు రాసుకున్నాడు.

“పాత కాయితం ఏదన్నా ఉండాదా అవ్వా?”

“మా మామ నాడు ఒకటుండె. తుపాన్లో పాయె. అందులో ఏముండెనో, సదివినోళ్లు ఈడెవరు?”

“ఈ వంతులు ఎప్పుడు మొదలైనాయి?”

“మా అత్త కాపరానికి వచ్చేతలికే ఉండెనంట. ఆమెకు ముందుది నాకెట్ల తెలుస్తాది నాయనా? అచ్చులో ఉండాదని చిన్నబ్బ చెప్పె. అచ్చు మీది. నన్నడగతావేంది?”

సోమవారం నూర్ అహ్మద్ శ్రీనివాసులు బల్ల ముందు నిలబడి అంతా చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

శ్రీనివాసులు చాలాసేపు పెన్సిలు తిప్పుతూ ఉన్నాడు.

“నువ్వు చెప్పకుంటే ఇది ఎవరికన్నా తెలిసేదా?”

“తెలిసేది కాదు సార్.”

“నాలుగు వేల చీటీల్లో ఇట్లాంటివి ఇంకెన్ని?”

“ఒక్కటీ లేదు సార్.”

“దానికి ఆధారం?”

నూర్ అహ్మద్ దగ్గర లేదు.

శ్రీనివాసులు వాక్యంలో సంవత్సరం కొట్టేశాడు. “దీనికీ చీటీ రాయి. కంపోజిటర్ చెప్పినాడని రాయి. పేరు, ఇంటి నంబరు ఎయ్యి. అనుమానం వచ్చినోడు వచ్చి నిన్నే అడుగుతాడు. రేపట్నుంచి నీ చీటీలు ఇంకొకరు కూడా చూస్తారు. బాధపడొద్దు.”

చిన్నబ్బకు నూర్ అహ్మదే కబురు పంపి పిలిపించి చెప్పాడు. చిన్నబ్బ మెట్ల మీద కూర్చున్నాడు.

“ఇరవై ఆరుకి ఇంక నాలుగు దినాలే ఉండాది. ఇప్పుడా చెప్పేది? నువ్వు పెట్టిందే కదప్పా, ఉండనీ. అది ఎవురి కంచంలో కూడు తీస్తాది?”

“పక్కూరోళ్ల కంచంలో.”

చిన్నబ్బ లేచి రెండు మెట్లు దిగాడు. “అయితే నువ్వే వచ్చి చెప్పు. ఆ మాట నా నోట రాదు” అన్నాడు.

సూళ్లూరుపేటలో తాసిల్దారు ఆఫీసు. ఒక వైపు నడికుప్పం వాళ్లు, ఇంకో వైపు పక్క ఊరి వాళ్లు. నూర్ అహ్మద్ పేరు పిలిచారు.

“ఈ 1902 నీకెవరు చెప్పారు?” అన్నాడు తాసిల్దారు.

“ఎవరూ చెప్పలేదు. నేనే ఏసినాను.”

పక్క ఊరి వాళ్లలో ఎవరో నవ్వారు. చిన్నబ్బ గోడకేసి చూస్తున్నాడు.

“అయితే ఆచారం లేనట్టేనా?”

“ఆచారం ఉండాది సార్. ఏ సంవత్సరం నుంచో తెలీదు. పోయిన ఆదివారం నేనే చూసినాను.”

ఏం చూశాడో చెప్పమన్నారు. ఇరవై రెండు ఇళ్ల గుర్తులు వరసగా చెప్పుకుంటూ పోయాడు. పంతొమ్మిదోది తెడ్డు అన్నాడు.

“తెడ్డు కాదు, చుక్కాని. తాతల కాలం నుంచి ఆ ఇంటిది చుక్కానే” అన్నాడు పక్క ఊరి పెద్దమనిషి.

తాసిల్దారు ఆ పెద్దమనిషి వైపు తిరిగాడు. “తాతల కాలం నుంచి అని మీకెట్లా తెలుసు?”

పెద్దమనిషి కండువా సర్దుకున్నాడు. గుమాస్తా ఆ మాట రాసుకున్నాడు. తీర్పు వచ్చేవరకూ వంతులు నడుస్తున్నట్టే నడవాలని తాసిల్దారు చెప్పి లేచాడు.

బయట చిన్నబ్బ నవ్వుతున్నాడు. “వాళ్ల నోటితోనే చెప్పిస్తివి కదా సాయబూ. పా, టీ తాగుదాం.”

“అది నిజంగా చుక్కానేనా?”

“చుక్కానే. నువ్వు తెడ్డంటివి. ఎందుకులే అని నేను ఊరుకుంటిని.”

తన కళ్లతో చూసింది. తన చేత్తో రాసింది. నూర్ అహ్మద్ బస్టాండు బల్ల మీద కూర్చొని నోటుబుక్కు తెరిచాడు. మొదటి గుర్తు మీద వేలు పెట్టి, ఇది ఏంది అని చిన్నబ్బను అడిగాడు. తర్వాత రెండోది. నాయుడుపేట బస్సు వచ్చి ఆగింది. ఆయన లేవలేదు. ఇంకా ఆరో గుర్తు దగ్గరే ఉన్నాడు.