నాలుగింటికి దారితప్పే బండి

నలభై ఏళ్ళకు పైగా డైరీ రాస్తున్నాను. చేసిన ఉద్యోగమూ అలాంటిదే. కాలువల్లో నీటిమట్టం చూసి పుస్తకంలో ఎక్కించడం. ఫిల్మ్‌నగర్‌లో మా కాలనీ లైబ్రరీ మేడమీద పిల్లలకు రోబోటిక్స్ క్లబ్బు పెట్టినప్పుడు, "చేసిందల్లా రాసుకోవడం మీరు నేర్పండి, మిగతాది మేం చూసుకుంటాం" అని నన్ను పిలిచారు. మోటారు విప్పడం నాకు రాదు. గళ్ళు గీయడం వచ్చు.

నాకు అప్పజెప్పిన జట్టులో ముగ్గురు. చక్రాలూ మోటార్లూ బిగించేది జూబ్లీహిల్స్ నుంచి వచ్చే పదమూడేళ్ళ అబ్బాయి. ప్రోగ్రాం రాసేది అతని ఈడుదే, యూసుఫ్‌గూడ అమ్మాయి. వాళ్ళ నాన్న షూటింగుల్లో లైట్‌మన్. మూడోది అబ్బాయి చెల్లెలు, తొమ్మిదేళ్ళ బుడత. బండిని గీత మీద పెట్టడం దాని పని. పరీక్ష అట్ట క్లిప్పు టప్పున కొట్టి "టేక్ సెవెన్!" అని అది అరిస్తే గానీ బండి కదలడానికి వీల్లేదు.

తెల్ల షీటు మీద గీసిన నల్ల గీత వెంట బండి తనంతట తాను వెళ్ళి, మోస్తున్న బంతిని చివర డబ్బాలో వేయాలి. బండి కింద కళ్ళలాంటి రెండు సెన్సర్లు నలుపూ తెలుపూ పోల్చుకుంటూ గీతను చూస్తుంటాయి. ఆదివారం బంజారాహిల్స్‌లో పోటీ.

మూడు గంటలకు బండి బుద్ధిగానే నడిచేది. నాలుగు దాటిందా, మలుపు దగ్గర గీత వదిలేసి బల్ల అంచుకు పరుగెత్తేది. గురువారం బంతి నాలుగుసార్లు నా ఒళ్ళో పడింది.

ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది నాకు చెప్పాలి అని మొదటిరోజే నియమం పెట్టాను. శుక్రవారం ఆ నియమం ఎంత బాగా సాగుతోందో తెలిసింది.

"నీ ప్రోగ్రామే తప్పు" అన్నాడు అబ్బాయి.

"ఏంది? మూడింటికి మంచిగ నడిచిన ప్రోగ్రాం నాలుగింటికి ఖరాబైతదా? దానికేమన్న ఆకలైతదా? నీ చక్రమే లూజున్నది."

"చక్రం ఇందాకే బిగించాను!"

"ఎవర్నడిగి బిగించినవ్? నేను స్పీడు తగ్గించినంక?"

"స్పీడు తగ్గించావా? చెప్పొద్దా మరి?"

బుడత అట్ట కింద పెట్టి "ప్యాకప్" అంది. ఎవరూ నవ్వలేదు. అమ్మాయి సంచీ భుజాన వేసుకుంది.

"ఆదివారం మీరే పొండ్రి. ఓడిపోతే నా ప్రోగ్రాం మీదనే పెడ్తరు. నేను రాను."

ఆమె రాకపోతే మా పోటీ అక్కడితో సరి. ప్రోగ్రాంలో ఒక్క ముక్క ముట్టుకోగలవాళ్ళు మాలో ఇంకొకరు లేరు.

ఇంటికొచ్చి క్లబ్బు పుస్తకం తిరగేశాను. చక్రం, స్పీడు, బ్యాటరీ, ఫలితం, అన్ని గళ్ళూ నిండుగా ఉన్నాయి. తప్పు ఏ గడిలోనూ దొరకలేదు. అలవాటు కొద్దీ నా డైరీ తీసి ఆనాటి సంగతులు రాయబోతే, ముందురోజు పేజీ కంటబడింది. "సాయంత్రం నాలుగు. అక్షరాలు ఆనడం లేదు. బల్ల కిటికీ దగ్గరకు జరిపాను." బుధవారం చూశాను. అదే వాక్యం. మంగళవారమూ అదే. ట్రాకు ఉన్నదీ, నేను రాసుకుంటున్నదీ ఒకే బల్ల మీద. ఆ కిటికీ పడమటిది. పిల్లలు చేసిన ప్రతి తప్పూ రాయాలన్న ఆత్రంలో, సెన్సర్ల కళ్ళలో రోజూ ఎండ కొట్టించింది నేనే.

శనివారం పొద్దున్నే డైరీ పట్టుకుని యూసుఫ్‌గూడ వెళ్ళాను. ఆరోజు షూటింగు లేదేమో, అమ్మాయి నాన్న గడపలో కూర్చుని టీ తాగుతున్నాడు. అమ్మాయి బయటికి రాలేదు. లోపలికి వినబడేట్టు ఆ మూడు వాక్యాలూ చదివి, ఆ కిటికీ పడమటిదని చెప్పాను.

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "ఎదురెండల పెట్టినవా సార్! గా ఎండకు మా కెమెరాలకే పరేషాన్. మేమైతే నల్లగుడ్డ అడ్డం కడ్తం."

లోపలినుంచి గొంతు వచ్చింది. "గట్లయితే నువ్వే చేసినవా తాతా?"

"నేనేనమ్మా."

"క్లబ్బు పుస్తకంల రాసినవా?"

"ఇంకా లేదు."

"నేను చెప్తా, నువ్వు రాయి." తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది. "టేక్ నలభై ఒకటి దాంక తప్పు తాతది. ప్రోగ్రాంది కాదు. చక్రంది గూడ కాదు."

ఆ పుస్తకమూ నా సంచీలోనే ఉంది. చెప్పింది చెప్పినట్టు రాసి, కింద సంతకం చేశాను. ఆమె రెండుసార్లు చదువుకుని చెప్పులు వేసుకుంది.

మధ్యాహ్నం క్లబ్బులో ఆ పేజీ చూసి అబ్బాయి నావైపు గానీ ఆమెవైపు గానీ చూడకుండా "సారీ" అన్నాడు. "సరే, కత్తెరియ్యి" అంది. పోటీ జరిగేచోట కిటికీలకు గుడ్డలు కట్టనివ్వరు కదా, అడ్డం బండికే కట్టాలని ఆమె ఆలోచన. నల్ల చార్టు కత్తిరించి సెన్సర్ల చుట్టూ చిన్న గొడుగులా అంటించింది. అది చక్రానికి తగులుతోందని అబ్బాయి అంచు కోశాడు. కోసేముందు "కోయనా?" అని అడిగాడు. "కొయ్యి" అన్నాక కోశాడు. బుడత టార్చిలైటు పట్టుకుని సూర్యుడయింది. ఏ పక్కనుంచి వెలుగు కొట్టినా బండి గీత వదల్లేదు. క్లబ్బు పుస్తకంలో కొత్త గడి గీశాను: బల్ల ఎక్కడుంది?

ఆదివారం పోటీ జరిగిన హాలుకు గోడలకన్నా కిటికీలే ఎక్కువ. అమ్మాయి నావైపు ఒక చూపు చూసింది. కుర్చీ ఎత్తుకుని దూరంగా ఓ మూలకు పోయి కూర్చున్నాను. మూడుసార్లకు మూడుసార్లూ బంతి డబ్బాలో పడింది. రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం వచ్చిన బండి మాదానికన్నా వేగంగా వెళ్ళింది, అందులో సందేహం లేదు.

కప్పు ఇచ్చేముందు జడ్జి పిల్లల్ని అడిగారు. "మీకు ఎదురైన పెద్ద సమస్య ఏమిటి?"

ముగ్గురూ వెనక్కి తిరిగి నా మూలకే చూశారు.

"మా తాతగారండీ" అన్నాడు అబ్బాయి.

అమ్మాయి వెంటనే అందుకుంది. "గానీ అన్నీ రాసుకుంటడు సార్. అందుకే దొరికిండు."