తువ్వాల కింద మూడేళ్ళు

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది. ఎదుటివాళ్ళకు ఏముందో, మాకు ఏం లేదో పోల్చుకోకుండా ఉండలేను. పొరుగింటి పుల్లకూర రుచి అనే సామెత నన్ను చూసే పుట్టించారని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ జబ్బు ముదిరింది మాత్రం మా సొంత మామిడితోటలోనే.

మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక మెట్ట ఊరు. తోట ఉంది గానీ కాయ కోయించి పట్నం మార్కెట్టుకు పంపి అమ్మడం మా ఇంటావంటా లేదు. అందుకని నాయిన తోటను గుత్తకు ఇచ్చేవాడు. చెట్లు మావి, మూడేళ్ళపాటు వాటికి కాసే కాయ గుత్తదారుడిది. మా గుత్తదారుడు వనపర్తి నుంచి వచ్చే సాయిబు. నేను ఆయన్ను చాచా అనేదాన్ని. ఏటా పిందె కట్టగానే ఆయన తోటలో గుడిసె వేసుకునేవాడు. ఎండాకాలం సెలవులు రాగానే చాచీ, వాళ్ళ బిడ్డ కూడా వచ్చి కాయలు అయిపోయేదాకా అందులోనే ఉండేవాళ్ళు. ఆ పిల్లదీ నాదీ ఒకటే వయసు, ఒకటే తరగతి, ఒకటే నోరు. నా మొదటి దోస్తు ఆమే.

మేం ఒక వంగిన కొమ్మ మీద కూర్చుని పొద్దంతా కొట్లాడుకునేవాళ్ళం. ఆ కొట్లాట మేం గొప్పంటే మేం గొప్పని కాదు. మీరే ఉన్నోళ్ళంటే మీరే ఉన్నోళ్ళని.

"మీ ఇంట్ల ఫ్రిజ్ ఉన్నది. మేము కుండ నీళ్ళు తాగుతం" అనేదాన్ని నేను.

"మీకు గింత తోట ఉన్నది. మాకు పూలకుండీ వెట్టనీకె జాగ లేదు" అనేది ఆమె.

"మీరు హైదరాబాద్ చూసిండ్రు."

"మీ ఇల్లు మీదే. మాకు ఎప్పుడూ ఇల్లు మారుడే."

ఇప్పుడు తలుచుకుంటే ఇద్దరం నిజమే చెప్పాం. మా ఇంట్లో గింజలుండేవి, చిల్లర ఉండేది కాదు. వాళ్ళింట్లో చిల్లర ఉండేది, గింజలుండేవి కావు. నాకు జ్వరమొస్తే వాము కషాయంతో వారం గడిచేది. ఆమెకు ఒళ్ళు వెచ్చబడితే అదే సాయంత్రం దవాఖాన. వాళ్ళకు వారానికోసారి మాంసం, పండగకు తప్పకుండా కొత్త బట్టలు. మాకు రెండూ వాన దయ. కానీ మా నాయిన పట్టా పాసుబుక్కు సంచిలో పెట్టుకుని వెళ్తే బ్యాంకులో కూర్చోమనేవాళ్ళు. లారీల కొద్దీ కాయ పంపిన చాచాకు అదే బ్యాంకులో నిలబెట్టి జవాబు. వనపర్తిలో 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అన్న బోర్డు చూసి వెళ్తే, పేరు చెప్పగానే "నిన్ననే మాటైపోయింది" అనేవాళ్ళట. మూడు వీధులు తిరిగితే మూడు వీధుల్లోనూ నిన్ననే మాటైపోయి ఉండేదట. ఆ పిల్ల ఇంటి ఓనర్ల గొంతులు అనుకరిస్తూ చెబుతుంటే నేను కొమ్మ మీంచి పడిపోయేలా నవ్వేదాన్ని. నవ్వాల్సింది కాదని తెలిసేసరికి పెద్దదాన్నయ్యాను.

ఆ ఏళ్ళలో రంజాన్ మామిడి కాలంలోనే వచ్చేది. చాచీ మా ఇంటికి పళ్ళెంలో సేమియా, చక్కెర, ఖర్జూరాలు, జీడిపప్పు సర్ది, పైన గుడ్డ కప్పి పంపేది. వండింది పంపేది కాదు. వాళ్ళు వండింది మా ఇంట్లో తినరని రెండిళ్ళకూ తెలుసు, ఎవరూ పైకి అనరు. అమ్మ ఆ సామానుతో తనకు తోచినట్టు పాయసం వండేది. నేను మాత్రం గుడిసెలో చాచీ చేతి షీర్‌ఖుర్మా రెండు గిన్నెలు లాగించి, మూతి కడుక్కుని, ఇంటికొచ్చి అమ్మది కూడా తినేదాన్ని. దొంగతిండి రుచే వేరు. అమ్మకు తెలుసని నాకు తర్వాత తెలిసింది.

మేం తొమ్మిది పూర్తిచేసిన ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. వాన చినుకు పడితే మా ఇంట్లో సంబరం, ఎందుకంటే దుక్కికి పదును. అదే గాలికి తోటలో సగం కాయ రాలింది. గుత్తకిచ్చేశాం కాబట్టి రాలింది మా కాయ కాదు. ఒకే మబ్బు మాకు దేవుడైతే వాళ్ళకు దెబ్బ. చాచా తల మీద చెయ్యి పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. నాయిన వానలోనే వచ్చి, పంచె ఎగ్గట్టి, కాయలు ఏరడం మొదలుపెట్టాడు. వెనకాల అమ్మ, నేను, తర్వాత సగం ఊరు. ఆ పచ్చికాయంతా ఊళ్ళోవాళ్ళే తలా గంప కొన్నారు. ఆ ఏడు మా ఊళ్ళో తొక్కు పెట్టని ఇల్లు లేదు. రోలు ఖాళీ లేక ఆడవాళ్ళు వరస కట్టారు. ఇప్పటికీ ఆ వాన పేరెత్తితే అందరి నోళ్ళూ ఊరుతాయి.

ఇంటర్ ఇద్దరం పాసయ్యాం. నాకు వనపర్తిలో డిగ్రీ చదవాలని ఉండేది. ఉండేది అంటే చాలదు, అన్నం సహించేది కాదు. నాయినను అడిగితే "చూద్దాం తీ" అన్నాడు. మా నాయిన 'చూద్దాం' అంటే లేదని అర్థం. వద్దనడానికి ఆయనకూ మనసు రాలేదు, సరేననడానికి ఊరు అడ్డం. మా వాడలో పై ఊరికి పోయి చదివిన ఆడపిల్ల అప్పటికి లేదు. ఈలోగా గద్వాల వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. వాళ్ళది విత్తన పత్తి సేద్యం. పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దాలి కాబట్టి ఇంట్లో ఎన్ని చేతులుంటే అంత లాభం. చూడవచ్చిన పెద్దావిడ నా ముఖం కంటే ముందు నా వేళ్ళు చూసింది. మంచి మనుషులే. నాకే చచ్చేంత భయమేసింది.

ఏడుపు దిగమింగుకుని తోటకు పరిగెత్తాను. దోస్తు చెట్టు కింద కూర్చుని బేనిషాన్ కాయలు ట్రేలలో సర్దుతోంది.

"నీకేందే, కాలేజీ మీ ఇంటి ముంగటనే. పొద్దున లేసి నడుసుకుంట పోతవ్" అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. కాయ తర్వాత కాయ పెడుతూనే ఉంది. అది గర్వం అనుకుని నేను మూడు రోజులు మాట్లాడలేదు.

ఆ నెలలోనే గుత్త మూడేళ్ళూ నిండాయి. మళ్ళీ బేరం. ఈసారి అయిజ నుంచి ఇంకో గుత్తదారుడు కూడా వచ్చాడు. మా వైపు తోట బేరంలో ధర నోటితో చెప్పరు. ఇద్దరూ కుడిచేతులు కలిపి, పైన తువ్వాల కప్పి, లోపల వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. ఎవరి అక్కర ఎంతో పదిమందికీ తెలియకూడదని ఆ పద్ధతి. అయిజ ఆయన తన ధర చెప్పడం మా అరుగు మీద చాయ్ తాగినంతసేపట్లో అయిపోయింది. తర్వాత చాచా కూర్చున్నాడు. నాయిన తువ్వాల కప్పాడు.

కాసేపు తువ్వాల కదిలింది. తర్వాత ఆగిపోయింది. చేతులు మాత్రం బయటికి రాలేదు. అమ్మ పెట్టిన చాయ్ మీగడ కట్టింది. అయిజ ఆయన రెండుసార్లు లేచి రెండుసార్లు కూర్చున్నాడు. ఎదురింటి తాత ఆగలేక "ఏందిరా, తోట గుత్తనా, రాజ్యం పంపకాలా?" అన్నాడు. అందరూ నవ్వారు, వాళ్ళిద్దరూ తప్ప. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ బొమ్మల్లా కూర్చున్నారు. నేను తలుపు సందులోంచి చూస్తూ, గుత్త చాచాకు రాకపోతే దోస్తు ఇక రాదు కదా అని మూడు రోజుల అలక మర్చిపోయాను.

చివరికి నాయిన తువ్వాల తీసి దాంతోనే ముఖం తుడుచుకున్నాడు. "గుత్త సాయిబుకే" అన్నాడు.

లోపలికి వచ్చి, నా వైపు చూడకుండా, ఊరంతా వినేటట్టు అమ్మతో చెప్పాడు: "పిల్ల బట్టలు సదురు. వనపర్తిల హాస్టల్ల ఎయ్యాలె. సాయిబు పట్టువట్టిండు. మూడేండ్ల గుత్త తీసుకుంటె మూడేండ్ల సదువు చెప్పియ్యాల్నంట, లేకుంటె తోట వద్దంటుండు. ఏం జేస్త మరి?"

ఊళ్ళో గుప్పుమంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా మేనత్త సణిగింది. కానీ అయిజ ఆయన కంటే ఎక్కువిచ్చే గుత్త పోతుందంటే రైతుకు ఎదురు చెప్పే రైతు ఉండడు. గద్వాలవాళ్ళు కూడా "గుత్త సంగతి కదా, కానియ్యండి" అని మర్యాదగా తప్పుకున్నారు. నేను వంటింట్లో అమ్మను పట్టుకుని గిరగిర తిప్పాను. ఆ రోజంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా లేదు, మా ఆయన ఇది చదివినా సరే.

గుత్త కుదిరిన రోజే వాళ్ళు గుడిసె ఎత్తేసి వనపర్తి వెళ్ళిపోయారు. మళ్ళీ దోస్తు కనబడింది కాలేజీ తెరిచిన మొదటి రోజు గేటు దగ్గరే. గట్టిగా పట్టుకుని, "మీ అబ్బా షరతు వెట్టకుంటె నేను ఇయ్యాల గద్వాలల పత్తి పువ్వు పట్టుకుని కూసుంటుంటి" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "మా అబ్బానా? షరతు వెట్టింది మీ నాయిన గదా!"

అప్పుడు తెలిసింది. ఆమె చదువు ఇంటర్‌తో ఆపేయాలని వాళ్ళ పెదనాన్నలు ఎప్పుడో తేల్చేశారు. కుట్టుమిషను కూడా కొనేశారు. నేను తోటలో "నీకేందే" అన్న రోజుకు ముందురోజే అది ఇంటికి వచ్చిందట. కాలేజీ ఇంటి ముందు ఉండడం వేరు, అందులోకి అడుగు పెట్టడం వేరు. గుత్త కుదిరిన రోజు చాచా వనపర్తి పోయి అన్నలతో ఇలా చెప్పాడట: "తోట పటేల్ బిడ్డ ఒక్కతే కాలేజీకి వస్తుందంట. మన పిల్ల తోడుండాల్నంట. పంపకుంటె తోట అయిజాయనకు ఇస్తనంటుండు. పరేషాన్ల వడ్డ."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నవ్వు ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు, గేటు దగ్గర వాచ్‌మన్ వచ్చి గదిమేదాకా ఆగలేదు. నవ్వుతూనే ఆమెకు క్షమాపణ చెప్పాను. ఆ మూడు రోజుల అలక తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ మూడేళ్ళూ హాయిగా గడిచాయి. ఆదివారం వాళ్ళింట్లో భోజనం, ఈసారి మూతి కడుక్కునే పని లేకుండా. పరీక్షలప్పుడు ఆమె నాకు లెక్కలు చెప్పేది, నేను ఆమెకు తెలుగు. తర్వాత ఇద్దరం బీఈడీ చేశాం. ఆమె ఇప్పుడు నాగర్‌కర్నూల్లో పాఠాలు చెబుతోంది. నేను చివరికి గద్వాలకే చేరాను, కాకపోతే నల్లబల్ల ముందుకు. మా తర్వాత మా వాడ నుంచి ముగ్గురు, వాళ్ళ వీధి నుంచి ఇద్దరు ఆడపిల్లలు డిగ్రీకి వెళ్ళారు. షరతు పెట్టిందెవరని మాత్రం మేం ఎన్నిసార్లు అడిగినా మా నాయిన చాచాను చూపించేవాడు, చాచా మా నాయినను చూపించేవాడు.

పోయిన ఎండాకాలం ఇద్దరం సెలవులకు తోటకు వెళ్ళాం. నాయిన, చాచా ఒకే నులక మంచం మీద కూర్చుని, నా కొడుక్కీ ఆమె కూతురికీ కాయలు కోసి పెడుతున్నారు. దోస్తు వాళ్ళ చేతుల్లోంచి కత్తి లాక్కుంది.

"ఇయ్యాల చెప్పాల్సిందే. ముందుగాల ఎవరు అడిగిండ్రు?"

నాయిన చాచా వైపు చూశాడు. "చెప్పు పటేలా, ఇంక ఎన్నొద్దులు దాస్తం?" అన్నాడు చాచా.

"ఏం జెప్పాలె బిడ్డా. రేటు అప్పుడే తెగింది" అన్నాడు నాయిన. "నా బిడ్డను మీ ఊర్ల జర సూసుకుంటవా అని అడుగుదమనుకున్న. నోరు రాలే. తోట ఇచ్చెటోన్ని, నేను పోయి సాయిబును అడుగుడేందని ఒక పక్క. చెయ్యి మాత్రం ఇడువబుద్ధి కాలే."

"నేను అనుకున్నది గూడ గదే" అన్నాడు చాచా. "నా బిడ్డకు మీ పిల్లను తోడియ్యమని అడగాలె. తోట తీసుకునెటోన్ని, నాకు అడిగే మొఖమెక్కడిది? గట్లనే కూసున్న."

"మరి ఎవరు అడిగిండ్రు?" అన్నాను.

"ఎవరం అడగలే" అన్నాడు నాయిన. "జర సేపటికి సాయిబు కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. నాకు సమజైంది. నా కండ్లు సూసి ఆయనకు సమజైంది. గంతే."

"మరి షరతు?" అంది దోస్తు.

"అది ఊరోళ్ళకు" అన్నాడు నాయిన. "మా అన్నలకు" అన్నాడు చాచా.

దోస్తు చున్నీతో కళ్ళు తుడుచుకుంటోంది. పిల్లలిద్దరూ కాయ ఇంకా కోయలేదేమని మంచం చుట్టూ గోల చేస్తున్నారు. చాచా చెయ్యి చాపి కత్తి ఇమ్మన్నాడు.